బొంత అస్తరు

దీపావళి వెళ్ళిన మర్నాటి నుంచి హైదరాబాద్ మిద్దెల మీద బొంతలు ఎండకి పడేవి. ట్రంకు పెట్టెల్లోంచి తీసిన నాఫ్తలీన్ వాసన పోవాలని పిట్టగోడ మీద పరిచేవాళ్ళు. ఎండకి రంగు వెలుస్తుందని ముఖం వైపు లోపలికి మడిచి, వెనక వైపు పైకి ఉంచేవాళ్ళు. వీధిలో పోయేవాళ్ళకి కనిపించేది బొంత వీపే. నీలం గళ్ళ నారాయణపేట చీర, పక్కన తెల్ల పంచె ముక్క, దాని పక్కన మళ్ళీ నీలం. ఆ అతుకులు ఎక్కడ పడ్డాయో చూస్తే చాలు, కుట్టినావిడ చెయ్యి తిరిగినదో కాదో తెలిసిపోయేది.

పాతబస్తీ దర్జీల మాటలో దూది నింపే రజాయికి పై గుడ్డ అబ్రా, వెనక గుడ్డ అస్తర్. తెలుగు ఇళ్ళలో దాన్నే అస్తరు అన్నారు, అడుగు గుడ్డ అన్నారు. బొంతకి ముఖం వైపు ఎన్ని రంగుల ముక్కలు పెట్టినా ఫర్వాలేదు. నేల రాపిడి, ఒంటి బరువు, తడిసినప్పటి లాగుడు, అన్నీ పడేది అస్తరు మీదే. పేపర్లలో ‘అతుకుల బొంత’ అని తిట్టులా రాస్తుంటారు, ఆ మాట వింటే బాధగా ఉంటుంది. అతుకు వల్ల బొంత చెడదు. అతుకు పడకూడని చోట పడితే చెడుతుంది.

ముందు గుడ్డ సంగతి. పాత చీరల కోసం ఇంట్లో ఎప్పుడూ పోటీ ఉండేది. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని గల్లీలోకి వచ్చేది, ఆవిడ కంట పడకముందే బొంతకి పనికొచ్చేవి పక్కన పెట్టాలి. పట్టు, నైలాన్, జరీ ఉన్నవి ఆవిడకి పోవచ్చు. బొంతకి కావలసింది కట్టి కట్టి మెత్తబడిన నూలు.

మెత్తబడడం వేరు, చివికిపోవడం వేరు. చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుగులో చూడాలి. పలచబడ్డ చోట నీళ్ళు పడ్డ కాగితంలా తెల్లగా మెరుస్తుంది. కుచ్చిళ్ళు దోపిన చోట, కూర్చుంటే ఒరిసే చోట, ఫాల్ కుట్టిన గీత వెంబడి ముందుగా పలచబడుతుంది. రెండు బొటనవేళ్ళు పక్కపక్కన పెట్టి నిలువుగా ఓసారి, అడ్డంగా ఓసారి గట్టిగా లాగి చూడాలి. ఆ తర్వాత కొస దగ్గర చిన్న గాటు పెట్టి చించాలి. ‘పర్ర్’ మని చప్పుడుతో చిరిగితే ఆ నూలులో ఇంకా సత్తువ ఉన్నట్టు. చప్పుడు లేకుండా తడి అప్పడంలా విడిపోతే అది అస్తరుకి పనికిరాదు, లోపలి పొరల్లోకి పోవాలి. ఎంత ఇష్టమైన చీరైనా సరే. ప్రేమకొద్దీ చివికిన చీరని అడుగున వేస్తే రెండో ఉతుకుకే బొంత వీపు జల్లెడవుతుంది.

అంచులు తీసెయ్యాలా వద్దా అని ఎప్పుడూ ఒక మీమాంస. నా మాట, తీసెయ్యమనే. అంచు దగ్గర నేత బిగువు ఎక్కువ, చీర ఒంటి నేత వదులు. ఉతికినప్పుడు రెండూ ఒకేలా కుంచించుకోవు, అంచు వెంబడి గుడ్డ ముడతలు లేస్తుంది. పైగా సూది దిగదు. గద్వాల చీరైతే మరీ జాగ్రత్త. ఒళ్ళు నూలు, అంచు పట్టు, రెండూ నేతలోనే కలుస్తాయి. పాతబడితే తెగడం మొదలయ్యేది సరిగ్గా ఆ కలిసిన గీత మీదే. ఆ గీతకి ఒళ్ళు వైపు అర అంగుళం వదిలి కత్తిరించాలి. సన్నంచు మామూలు నూలు చీరైతే, చేత్తో తడిమితే తేడా తెలియనంత పలచని అంచైతే, ఉంచెయ్యొచ్చు.

అస్తరుకి నారాయణపేట గళ్ళ చీరని మించింది లేదంటే అతిశయోక్తి కాదు. గళ్ళే గీతలు. స్కేలు అక్కర్లేదు, సుద్ద అక్కర్లేదు. ఒక గడి పట్టుకుని కత్తెర నడిపితే గుడ్డ వంకర పోదు, కుట్టేటప్పుడు గడికి గడి కలిపితే అతుకు తిన్నగా వస్తుంది. అచ్చు గుడ్డలతో ఈ సుఖం లేదు. అద్దకం ఒక్కోసారి పేకతో కలవకుండా ఏటవాలుగా పడుతుంది. బొమ్మ చూసి కోస్తే పోగు వంకర, పోగు చూసి కోస్తే బొమ్మ వంకర. అస్తరుకి పోగునే నమ్మాలి. గాటు పెట్టి చించితే పోగు వెంబడే చిరుగుతుంది కాబట్టి చించడమే మేలు. చించిన అంచు కాస్త మెలి తిరుగుతుంది, తడిచేత్తో సర్దితే కుదురుకుంటుంది.

ఇంట్లో చీరలు చాలకపోతే కొత్త గుడ్డ కొనడం. మదీనా దగ్గర, పత్థర్‌గట్టి రాతి కమానుల కింద, కోఠీ సుల్తాన్ బజార్‌లో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో లాంగ్‌క్లాత్, పాప్లిన్, కేంబ్రిక్ తాన్లు ఉండేవి. కొట్లో అడిగే మొదటి మాట, “ఎంత పన్నాది గావాలె అక్కా?” అని. పన్నా అంటే గుడ్డ వెడల్పు. 36 అంగుళాల పన్నా, 44 అంగుళాల పన్నా వేరు వేరు లెక్కలు. ఇంకోటి, గజమా మీటరా అన్నది తేల్చుకోకుండా కొలిపించకూడదు. గజం అంటే 36 అంగుళాలు, మీటరు 39కి కాస్త పైన. ఇంట్లో 3 మీటర్లని లెక్కేసుకుని కొట్లో 3 గజాలు తెస్తే 10 అంగుళాలు తక్కువ. ఆ పది అంగుళాల కోసం వేసిన పట్టీ ఆ బొంత ఉన్నన్నాళ్ళూ కనిపిస్తుంది.

కొత్త గుడ్డని ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, గంజి వదిలేదాకా పిసికి, ఆరబెట్టాకే కొలవాలి. నూలు గుడ్డ మొదటి తడుపుకి మీటరుకి రెండు మూడు అంగుళాలదాకా తగ్గుతుంది. తడపకుండా పాత చీర పక్కన వేసి కుడితే, ఆ తర్వాతి ఉతుకులో కొత్తది కుంచించుకుంటుంది, పాతది కదలదు, అతుకు వెంట గుడ్డ కుచ్చిళ్ళు పెట్టినట్టు లేస్తుంది. ఎర్రవి, ముదురు నీలాలు రంగు వదులుతాయేమో కూడా అప్పుడే చూసుకోవాలి. తడి తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీపెట్టె ఆనిస్తే అంటేది వెంటనే అంటుతుంది.

కొత్తనీ పాతనీ కలిపి కుట్టడంలో ఇంకో చిక్కు ఉంది. కుట్టు తెగదు, కుట్టు పక్కన పాత గుడ్డ చిరుగుతుంది. బలమైన దారం, బలమైన కొత్త గుడ్డ రెండూ కలిసి పాత నూలుని కోసేస్తాయి. అందుకే పాలియెస్టర్ దారం వద్దు, 40 నంబరు నూలు దారం చాలు. గుడ్డ కన్నా దారం ముందు తెగాలి. తెగిన దారాన్ని పది నిమిషాల్లో మళ్ళీ కుట్టుకోవచ్చు.

ఇప్పుడు కొలతలు. ఒక్కరు కప్పుకునే బొంత నాలుగున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, అంటే 54కి 78 అంగుళాలు. అస్తరు నాలుగు వైపులా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, 60కి 84. కుట్లు పడేకొద్దీ పొరలు లోపలికి లాక్కుంటాయి కాబట్టి ఆ మిగులు.

చీర అయిదున్నర మీటర్లు, 216 అంగుళాలు. పన్నా 46 అనుకుందాం. చాలామంది చీరని నిలువుగా పరిచి, 84 అంగుళాల ముక్కలు రెండు కోసి పక్కపక్కన అతుకుతారు. 168 అంగుళాలు ఖర్చు. వెడల్పు 91 వస్తుంది, కావలసింది 60, మిగిలిన 31 అంగుళాలూ వృథా. అదే చీరని అడ్డంగా తిప్పి, 60 అంగుళాల ముక్కలు రెండు కోసి ఒకదాని కింద ఒకటి అతికితే ఖర్చు 120 అంగుళాలే. రెండు పన్నాలు కలిపి, కుట్టుకి ఒక అంగుళం పోను 91. కావలసింది 84. చీరలో ఇంకా 96 అంగుళాలు చేతిలో మిగులుతుంది, అది లోపలి పొరకి పనికొస్తుంది. తిప్పి వేసినందుకే 48 అంగుళాలు కలిసొచ్చింది.

ఇలా అడ్డం వేసినప్పుడు అతుకు బొంతకి నడుమన పడుతుంది. కప్పుకుంటే తెలియదు గాని, కింద పరుచుకుంటే నడుం కింద తాడులా తగులుతుంది. తలవైపు నిండు పన్నా ఉంచి, తగ్గించాల్సిన ఏడు అంగుళాలూ కాళ్ళవైపు ముక్కలోనే తగ్గిస్తే అతుకు తొడల కిందకి దిగిపోతుంది. అంచులు తీసేసిన చీర పన్నా 42కి తగ్గితే రెండు ముక్కలకి 83 వస్తుంది, ఒక అంగుళం తక్కువ. ఆ అంగుళం కోసం పట్టీ వెయ్యొద్దు. పైనా కిందా మూడు బదులు రెండున్నర మిగులు వదులుకుంటే సరి.

ఇద్దరి బొంత 84కి 90 అంగుళాలు, అస్తరు 90కి 96. ఒక్క చీర దీనికి సరిగ్గా సరిపోతుంది. 96 అంగుళాల ముక్కలు రెండు, పక్కపక్కన. కానీ నడిమధ్యన అతుకు వెయ్యకూడదు. బొంతని రోజూ పొద్దున్నే నిలువుగా సగానికి మడుస్తారు. మడత గీత, అతుకు ఒకేచోట పడితే అక్కడ దారం రాపిడికి ముందే అరిగిపోతుంది. అందుకని ఒక ముక్కని నిండుగా నడుమ ఉంచి, రెండోదాన్ని నిలువుగా సగానికి చించి చెరో పక్కా వెయ్యాలి. 46, దానికి ఇటు 23, అటు 23, రెండు కుట్లకీ రెండు అంగుళాలు పోను 90. ఒక కుట్టు ఎక్కువ పడుతుంది నిజమే. కానీ నడిమధ్యన పడదు, మడతకి దొరకదు. అతుకు రెండు పక్కలా సమానంగా కనిపించి చూపుకీ బావుంటుంది.

పసిపిల్లల బొంతకి మాత్రం అస్తరులో అతుకే ఉండకూడదు. గజం చదరం కన్నా పెద్దది అక్కర్లేదు, మెత్తబడ్డ తెల్ల పంచె ఒకటి ఉంటే ఏకముక్క వస్తుంది. పసిబిడ్డ వీపుకి దారపు ముడి తగిలినా ఎర్రగా కందుతుంది.

చిన్న చిన్న ముక్కలే ఉన్నప్పుడు ఒకే వెడల్పు ఉన్నవాటిని ముందు పట్టీలుగా కుట్టుకుని, తర్వాత పట్టీకి పట్టీ కలపాలి. గోడ కట్టేటప్పుడు ఇటుకల జాయింట్లు ఒకదాని మీద ఒకటి రానివ్వరు చూడండి, అలాగే. నాలుగు ముక్కల మూలలు ఒకేచోట కలిస్తే ఆ ముడి దగ్గర సూది విరుగుతుంది. ముఖం వైపు అతుకులకీ అస్తరు అతుకులకీ మధ్య కూడా కనీసం బెత్తెడు ఎడం ఉండాలి.

కుట్టుకి అర అంగుళం వదలాలి. ముఖం వైపు చిన్న ముక్కలకి పావంగుళం చాలు గాని, అస్తరుకి చాలదు, పాత నూలు పోగులు జారి కుట్టు దాకా వచ్చేస్తాయి. మిషన్ మీదైతే అంగుళానికి పది కుట్లు, చేత్తో అయితే ఆరేడు, రెండు కొసలా వెనక్కి వేసి ముడి. పొడుగు కుట్టులో ముందు మధ్య బిందువు కలిపి గుండుసూది గుచ్చాలి, తర్వాత సగంలో సగం. మిషన్ పళ్ళు అడుగు గుడ్డని త్వరగా లాగుతాయి, పై గుడ్డ వెనకబడుతుంది. 96 అంగుళాలు కుట్టేసరికి పై ముక్క కొస దగ్గర అర అంగుళం పొడుచుకొస్తుంది. దాన్ని కత్తిరించి సరిచేశామనుకోవడం పెద్ద పొరపాటు. గుడ్డ లోలోపల మెలి పడే ఉంటుంది, పరిచినప్పుడు బయటపడుతుంది. వదులుగా సాగే పాత గుడ్డని అడుగునా, గట్టి గుడ్డని పైనా పెడితే పళ్ళు ఆ వదులుని తినేస్తాయి. రెండో అతుకుని మొదటిదానికి ఎదురు కొస నుంచి మొదలెట్టాలి.

కుట్టిన తర్వాత మిగులుని రెండు వైపులకీ విడదీసి అణచాలి. ఒకే వైపుకి మడిస్తే అక్కడ మందం రెట్టింపు, చేతి సూది దిగదు. బొగ్గుల ఇస్త్రీపెట్టె లేని ఇళ్ళలో షాబాద్ బండ మీద తడిపిన అతుకు పెట్టి, చెంచా వీపుతో రుద్దేవాళ్ళు. బండ చల్లదనానికి, చెంచా రాపిడికి అతుకు కాగితంలా అణిగేది. ఇప్పటికీ ఇస్త్రీ కన్నా అదే బాగా కుదురుతుంది.

ఆ షాబాద్ బండలే పరవడానికి కూడా ఆసరా. రెండడుగుల చదరం బండలు, మధ్య సిమెంటు గీతలు. అస్తరుని తిరగేసి, అంటే విడదీసిన మిగులు పైకి కనపడేలా పరిచి, అతుకుని బండల గీత మీద పెట్టుకుంటే గది మొత్తం స్కేలే. మూల నుంచి మూలకి ఒక దారం పట్టి, మళ్ళీ రెండో జంట మూలలకి పట్టి చూడాలి. రెండు కొలతలూ సమానమైతేనే చదరం. నాలుగు మూలలా రోలూ పొత్రమూ, బియ్యం డబ్బా, ఏది దొరికితే అది బరువు. గుడ్డ ముడత లేకుండా ఉండాలి, కానీ డప్పు తోలులా బిగించకూడదు. బిగించి కుడితే బరువులు తీయగానే అస్తరు వెనక్కి లాక్కుని ముఖం వైపు అంతా పొంగులు. వదులుగా ఉంటే ఇంకా అన్యాయం, మడతలు వెనక వైపు కుట్లలో ఇరుక్కుపోతాయి, బొంత మొత్తం కుట్టి తిరగేసేదాకా తెలియదు. అందుకే లోపలి పొరలూ ముఖం గుడ్డా పరిచాక నడిమధ్య నుంచి అంచులకి జానెడు ఎడంగా కచ్చా కుట్లు వెయ్యాలి, రెండు వరసలకి ఒకసారి చెయ్యి కిందకి పోనిచ్చి అస్తరుని తడమాలి. మడత అక్కడే దొరికితే నాలుగు కుట్లు విప్పితే పోతుంది.

పక్కా కుట్లలో మొదటి రెండు వరసలు అస్తరు అతుకుకి చెరో వైపు, బియ్యపు గింజంత దూరంలో నడవాలి. విడదీసిన మిగులు లోపల అక్కడే కూర్చుంటుంది, ఉతికినప్పుడు ఉండ చుట్టుకోదు. మిగతా వరసలు రెండు వేళ్ళ ఎడం. అస్తరులో మిగిలిన మూడంగుళాలని చివర్న ముఖం మీదకి రెండు మడతలు తిప్పి కుడితే అదే అంచు పట్టీ, వేరే గుడ్డ అక్కర్లేదు. మూలల దగ్గర ముందు మూలని లోపలికి త్రికోణంగా మడిచి తర్వాత పక్కలు తిప్పాలి.

రజాయి లెక్క వేరు. దూదేకులాయన ఏకిన దూది నింపేదానికి పలచని మల్లు గుడ్డ అస్తరుగా వేస్తే వారానికే దూది పోగులు బయటికొస్తాయి. అక్కడ ఒత్తు నేత కావాలి, పాప్లిన్ గాని లాంగ్‌క్లాత్ గాని. బొంతకి అదే ఒత్తు నేత చేటు, చీరలు చాలనప్పుడు తప్ప వెయ్యకూడదు. ఇప్పుడు పెద్ద పన్నా బెడ్‌షీటు గుడ్డ దొరుకుతోంది, అతుకే లేకుండా అస్తరు వచ్చేస్తుందని చాలామంది అదే వేస్తున్నారు. మిషన్ కుట్టుకి బాగానే ఉంటుంది. చేతి కుట్టుకి మాత్రం వేళ్ళు వాచిపోతాయి, సూది దిగిన చోట రంధ్రం పూడదు. పాత నూలు చీర రెండు అతుకులతో ఉన్నా సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. పాలియెస్టర్ చీర అస్తరు గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. జారుతుంది, చెమట పీల్చదు.

ఉతికిన బొంత తడి బరువు ఎత్తిన చేతులకే తెలుసు. తీగ మీద వేస్తే ఆ బరువంతా తీగకి సమాంతరంగా ఉన్న అతుకు మీద పడి కుట్లు నోళ్ళు తెరుస్తాయి. అతుకు తీగకి అడ్డంగా, నిలువుగా కిందికి దిగేలా వెయ్యాలి. అడ్డం అతుకు బొంతని పొడుగు వైపు తీగ వెంబడి పరవాలన్నమాట. పిట్టగోడ ఉంటే తీగ కన్నా నయం, బరువు వెడల్పుగా సర్దుకుంటుంది.

అస్తరు అరిగినప్పుడు చిన్న చిరుగైతే మాసిక వేస్తారు. చిరుగు కన్నా అన్ని వైపులా రెండు వేళ్ళు పెద్ద ముక్క, మూలలు గుండ్రంగా కోసి. మూలలు చదరంగా ఉంటే అక్కడి నుంచే లేస్తుంది. మాసికలు నాలుగైదు దాటితే కొత్త అస్తరు వెయ్యాలి, పాతదాన్ని విప్పరు. దాని మీదే పరిచి, అతుకులు పాత అతుకుల మీద పడకుండా బెత్తెడు పక్కకి జరిపి, పాత వరసల మధ్యనే కొత్త వరసలు కుడతారు. అలా మూడు అస్తర్లు పడ్డ బొంతలు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. మూల దగ్గర చిరిగిన చోట వేలు పెట్టి పైపొర తొలగిస్తే కింద ఇంకో చీర గళ్ళు, దాని కింద నీలిమందు వాసన కూడా పోయిన ఒక తెల్ల పంచె.